తువ్వాలు వేసిన సీటు

శారదా నది గట్లు దాటి, వాగులూ గెడ్డలూ అన్నీ ఒక్కసారే పొంగి, చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్ళే రోడ్డులో కల్వర్టు కొట్టుకుపోయిన వరద ఏడాది ఇది జరిగింది. మా వైపు ఇప్పటికీ ఏ సంగతి చెప్పినా "వరదకి ముందా, ఎనకా?" అని అడుగుతారు. కనకదుర్గ సంగతి కొంత ముందు, కొంత వెనక. ముందు సంగతి ముందు చెప్పాలి.

కనకదుర్గది చోడవరం నుంచి మోపెడ్ మీద కొంత లోపలికి వెళ్తే వచ్చే చెరకు ఊరు. తండ్రి పరదేశి, తల్లి అచ్చియ్యమ్మ. ఒక్కతే కూతురు. డిగ్రీ, ఆపైన పీజీ, రెండూ విశాఖపట్నంలోనే చదివింది. హాస్టల్లో ఉండి కాదు. పొద్దున్న బస్సులో వెళ్ళి, చీకటి పడకుండా బస్సులో తిరిగొచ్చి. దాన్ని మా వైపు అప్ అండ్ డౌన్ అంటారు.

మొదటిరోజు ఆ అమ్మాయి దారి పొడవునా నిలబడే వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాదాలు బూరెల్లా ఉబ్బాయి. అచ్చియ్యమ్మ వేడినీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టించింది. పరదేశి గుమ్మంలో కూర్చుని చూశాడు. ఆయన దేనికీ పెద్దగా ఏమీ అనడు. మర్నాడు కూతుర్ని మోపెడ్ మీద చోడవరం తీసుకెళ్ళి, బస్సు ఇంకా స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే దాని పక్కన పరుగెత్తి, భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి కిటికీలోంచి మూడో సీటు మీదకు విసిరాడు.

తువ్వాలు పడిందంటే ఆ సీటుకు మనిషి ఉన్నట్టే. దాన్ని తీసి పక్కనపెట్టి కూర్చునే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. తగువులు వస్తాయి గానీ, ఎవరి తువ్వాలు ముందు పడిందన్న దాని మీదే వస్తాయి.

ఆ రోజు మొదలు పరదేశి తప్పలేదు. జ్వరమొచ్చినా, తోటలో చెరకు నరుకుడున్నా, ముందు తువ్వాలు వేసి, కూతురు కూర్చున్నాక కిటికీలోంచి దాన్ని వెనక్కి తీసుకుని, అప్పుడే తన పనికి వెళ్ళేవాడు. సాయంత్రం మళ్ళీ మోపెడ్‌తో స్టాండులో ఉండేవాడు. చదువు అయిపోయింది. తువ్వాలు అవలేదు. పై దేశాలకు పంపే రొయ్యల్ని పరీక్ష చేసే ల్యాబులో దుర్గకు ఉద్యోగం దొరికింది. మళ్ళీ అదే బస్సు, అదే సీటు.

"నీ తువ్వాలు కనబడకపోతే మా డ్రైవరు బస్సు ఆపడం మర్చిపోతాడు మావా" అనేవాడు కండక్టరు ఉదయ్‌కుమార్. ఒకరోజు దుర్గతో కూడా అన్నాడు. "ఈ సీటు నీ పేర రాసిచ్చేస్తామమ్మా. నువ్వు రిటైరయ్యేదాకా నీదే."

బస్సులో అందరూ నవ్వారు. దుర్గా నవ్వింది. నవ్వి, కిటికీ ఊచ పట్టుకుని బయటకు చూసింది. ఆ ఊచకు ఎక్కడెక్కడ రంగు ఊడిందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఆమెతో చదివినవాళ్ళు కొందరు హైదరాబాదు వెళ్ళారు. కొందరు బెంగుళూరు. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి వచ్చినవాళ్ళు విశాఖపట్నంలోనే రూములు తీసుకున్నారు. వాళ్ళ ఊళ్ళు దూరం, అది వాళ్ళ అదృష్టం. దుర్గ ఊరు దగ్గర. రూము మాట ఎత్తితే ఎవరైనా ఒకటే అనేవారు. "బస్సుంది కదే."

బస్సుంది. కాబట్టి ఆ పట్నం ఆమెకు పొద్దుటి పట్నమే. ఎండలో గొడుగులూ, షట్టర్లెత్తే చప్పుడూ, బస్టాండు కాంప్లెక్స్‌లో అరుపులూ. ల్యాబులో తక్కిన అమ్మాయిలు సాయంత్రం జడ విప్పి మళ్ళీ దువ్వుకుంటుంటే, ఈమె గోడ గడియారం చూసి సంచి భుజాన వేసుకునేది. అన్నేళ్ళు ఆ ఊళ్ళో చదివి, ఆ ఊరి సాయంత్రం ఒక్కటి చూడలేదు.

వరదకు కాస్త ముందు ల్యాబు మేడం ఆమెను పిలిచింది. "నీ పని బాగుంది. పర్మనెంటు చేద్దామనుకుంటున్నాం. కానీ సాయంత్రం బ్యాచ్‌లో వెయ్యాలి. పొద్దున్న రొయ్యల నమూనాలు వేసి పెట్టిన ప్లేట్లు చూసేది ఆ బ్యాచే కదా. దానికి ఈ ఊళ్ళో ఉండేవాళ్ళు కావాలి. రోజూ బస్సు చూసుకునేవాళ్ళు కుదరదు. ఇంట్లో అడిగి చెప్పు. నీకు కాకపోతే ఇంకొకరిని తీసుకుంటాం."

దుర్గ తల ఊపింది. ఇంట్లో ఎలా అడగాలో తెలియక అడగలేదు. అంతలో వాన పట్టుకుంది.

వాన ఆగకుండా కురిసింది. దుర్గ ల్యాబులో ఉండగానే కల్వర్టు పోయిందన్న కబురొచ్చింది. కె.కోటపాడు మీదుగా తిరిగి వెళ్దామంటే అక్కడా నీళ్ళే. పరదేశి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే?"

"ల్యాబులో నానా. బస్సులు నేవంట."

"ఎక్కడుంటావు మరి?"

పక్కనే ఉన్న సాయిమా ఫోన్ లాక్కుంది. సాయిమా ల్యాబులో దుర్గకు జోడు. ఇల్లు జగదాంబ సెంటర్ వెనక సందులో. "అంకుల్, మా ఇంట్లో ఉంటుంది. మా అమ్మ ఉంది. మీరేమీ బెంగపెట్టుకోకండి" అంది.

అలా దుర్గ మొదటిసారి విశాఖపట్నంలో ఉండిపోయింది. సాయిమా తల్లి సాలెహా మేడ మీది గది తెరిచి ఇచ్చింది. అద్దెకుండేవాళ్ళు ఈమధ్యే ఖాళీ చేశారు. మంచం కూడా లేదు. ఒక చాప, దిండు, ఎదుటి ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలు, కింద సందులో ఆటోల హారన్లు.

"ఒంటరిగా పడుకోగలవా బేటీ, సాయిమాని పంపనా?" అని అడిగింది సాలెహా.

"పడుకుంటానాంటీ" అంది దుర్గ. తలుపు వేసుకుని, గది మధ్యలో ఊరికే నిలబడింది. ఎవరూ పిలవలేదు. ఎటూ వెళ్ళనక్కర్లేదు. కాళ్ళు రెండూ ఆ గచ్చు మీద ఆనించి నిలబడడమే ఆమెకు పండగలా ఉంది.

వాన తెరిపిచ్చిన సాయంత్రం సాయిమా ఆమెను స్కూటీ మీద బీచ్‌కి తీసుకెళ్ళింది. ఊరు ఊరంతా అలలు చూడ్డానికి వచ్చినట్టుంది. కాల్చిన మొక్కజొన్న పొత్తుల పొగ, ముంత మసాలా బళ్ళు, తడి ఇసుకలో చెప్పులు పోగొట్టుకుని వెతుక్కునే పిల్లలు. దుర్గ సముద్రం వైపు చూసి, సాయిమా చెయ్యి పట్టుకుంది.

"ఏటే అవి?"

"ఓడలే. పోర్టులోకి వెళ్ళడానికి ఆగున్నాయి."

"దీపాలు పెట్టుకుంటాయా?"

సాయిమా ఆమె మొహంలోకి చూసింది. వేళాకోళం అనుకుంది ముందు. "ఒసే, నువ్వీ ఊళ్ళోనే కదే చదివేవ్?"

"మధ్యాన్నం సూసేను" అంది దుర్గ. "మధ్యాన్నం అవి ఇనపముక్కల్లా ఉంటాయి."

ఆ వారం ఆమె సాయంత్రం బ్యాచ్‌లోనే పనిచేసింది. పని అయ్యాక నడిచి ఇంటికి వచ్చింది. నడిచి రావడం! వచ్చే దారిలో ఆగి, ఒక షాపు ముందు ఏమీ కొనకుండా చాలాసేపు చెవి దిద్దులు చూసింది. ఆగమనీ వెళ్ళమనీ ఎవరూ అనలేదు.

నీళ్ళు తీస్తున్నాయనగా ఒక పొద్దున్న సాలెహా కిందనుంచి కేకేసింది. దుర్గ మెట్లు దిగి వచ్చేసరికి ముందుగదిలో కుర్చీ అంచున పరదేశి కూర్చుని ఉన్నాడు. పంచె నడుము దాకా బురద. భుజాన ఎర్రగళ్ళ తువ్వాలు.

"గుంటని తీసుకెళ్ళడానికి వచ్చేను" అన్నాడు.

"బస్సులు తిరగడం లేదంటున్నారు కదా అన్నయ్యా?" అంది సాలెహా టీ అందిస్తూ.

"నడిపించీసి తీసుకెళ్తాను."

టీ తాగాడు. సాలెహాకు దండం పెట్టాడు. "మా పిల్లని సూసుకున్నారమ్మా" అన్నాడు. అంత మాట ఆయన ఒక్కసారిగా అనడం దుర్గ ఎప్పుడూ వినలేదు. వచ్చిననాటి ఒక్క జత బట్టలూ మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టే తండ్రి అయితే తిరగబడొచ్చు. ఈయన వరద నీళ్ళు దాటుకుంటూ వచ్చాడు.

ఆటోల్లో కొంత, నడక కొంత. తెగిన కల్వర్టు దగ్గర ఊరివాళ్ళు తాడు కట్టారు. పరదేశి ముందు దిగి, తువ్వాలు కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకున్నాడు. నడుము లోతు నీళ్ళు. అవతలి గట్టు ఎక్కాక, తువ్వాలు పిండుతున్న తండ్రిని చూసి, అక్కడే అడిగేసింది.

"నానా, సాయంత్రం బ్యాచైతే పర్మనెంటు సేస్తారంట. ఆ ఊళ్ళో ఉండాలంట. సాయిమా ఆల్ల మేడమీద గది కాళీగా ఉంది. నేనక్కడుంటాను."

పరదేశి తువ్వాలు విదిలించాడు. "సూద్దాం" అన్నాడు.

దుర్గకు అది ఒప్పుకున్నట్టే. ఆయన "సూద్దాం" అన్నవేవీ కాకుండా పోలేదు. సైకిలు అలాగే వచ్చింది. పీజీ చదువు అలాగే వచ్చింది. ఆయన కాదనదలిస్తే అసలు నోరు విప్పడు.

తాత్కాలికంగా కల్వర్టు ఉన్నచోట గొట్టాలేసి మట్టి పోశారు. బస్సు మళ్ళీ నడిచింది. తువ్వాలు మళ్ళీ పడింది. మేడం ఒక సోమవారం గడువు పెట్టింది. దుర్గ ఆ సోమవారం కోసం ఓపిగ్గా అప్ అండ్ డౌన్ చేసింది.

ఇంట్లో మాత్రం ఏదో జరుగుతోంది. పరదేశి తెల్లచొక్కా వేసుకుని రోజూ ఎటో వెళ్తున్నాడు. వరదకు చెరకంతా నేలకు ఒరిగిపోయి ఉంది. దాన్ని లేపి, నాలుగేసి గెడలు కలిపి వాటి ఆకుతోనే జడ చుట్టకపోతే పడిన గెడ పడినచోటే కుళ్ళిపోతుంది. ఊళ్ళో అందరూ తోటల్లోనే ఉన్నారు. ఈయన తోట మొహం చూడ్డం లేదు.

"నీ బాబు ఎక్కడ తిరుగుతన్నాడో నాకేటి తెలుసే?" అంది అచ్చియ్యమ్మ. "అడిగితే సూద్దాం అంటాడు. తోట కుళ్ళిపోతాందయ్యా అంటే దానికీ సూద్దామే."

ఒక సాయంత్రం మోపెడ్ మీద వస్తుంటే పరదేశి అడిగాడు. "ఆ బ్యాచి ఎప్పుడు అవుతాది?"

దుర్గ చెప్పింది.

"ల్యాబు కాడినించి కాంప్లెక్స్ దాకా దారిలో దీపాలుంటాయా?"

"ఉంటాయి నానా. జనం తిరుగుతానే ఉంటారు."

గది ఎంత దూరమో లెక్కేసుకుంటున్నాడు కాబోలు అనుకుందామె. మర్నాడు ఆయన చోడవరం నుంచి కొత్త మడత మంచం ఒకటి మోపెడ్‌కు అడ్డంగా కట్టుకుని తెచ్చి అరుగు మీద పెట్టాడు. పచ్చ నవారు. దుర్గ ఎవరూ చూడనప్పుడు దాన్ని విప్పి, కూర్చుని, మళ్ళీ మడిచి పెట్టింది. మేడ మీది గదిలో కిటికీ వైపు వెయ్యాలా, గోడ వైపు వెయ్యాలా అని బస్సులో ఆలోచించింది. కిటికీ వైపే అనుకుంది.

ఆదివారం పొద్దు వాలుతుండగా ఊరి మొదట్లో హారన్ వినబడింది. పిల్లలు పరుగెత్తారు. ఆ ఊళ్ళోకి ఎప్పుడూ రాని బస్సు, బంతిపూల దండ వేసుకుని, కొబ్బరి కొమ్మలు తగిలించుకుని, మెల్లగా వచ్చి పరదేశి ఇంటి ముందు ఆగింది. మెట్టు మీద ఉదయ్‌కుమార్ నవ్వుతూ నిలబడ్డాడు.

ఊరంతా పోగైంది. అప్పుడు తెలిసింది దుర్గకు. పరదేశి ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాడు. డిపో చుట్టూ తిరిగాడు. రాత్రి విశాఖపట్నంలో ఆలస్యంగా బయల్దేరి, చోడవరం మీదుగా ఊళ్ళోకి వచ్చి పడుకుని, తెల్లారి మళ్ళీ వెళ్ళే నైట్‌హాల్ట్ బస్సు వేయించాడు. డ్రైవరూ కండక్టరూ పడుకోడానికి చోటు కావాలంటే, మా అరుగు ఉంది అని రాసిచ్చాడు.

"పరదేశి కూతురు బస్సురా ఇది!" అన్నారెవరో.

"అమ్మా దుర్గా, ఇంక తువ్వాలు పన్నేదు" అన్నాడు ఉదయ్‌కుమార్. "బస్సే మీ గుమ్మంలో పడుకుంటాది. రేపు నువ్వు ఆఖరి ప్లేటు సూసి వచ్చేదాకా మేం కాంప్లెక్స్‌లో బస్సు తియ్యం."

ఎవరో ఆమె చేతిలో కొబ్బరికాయ పెట్టారు. "కొట్టవే, నీకోసవే కదా" అన్నారు. కాయ మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకూ పగల్లేదు. ముసలమ్మ ఒకామె "బలం నేదేటే గుంటకి, పట్నం తిండి" అంది. అందరూ నవ్వారు. మూడో దెబ్బకు పగిలి నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. డ్రైవరు అరుగెక్కి, మడత మంచం విప్పి, "అమ్మయ్య" అంటూ దాని మీద వాలాడు.

దుర్గ ఆ పచ్చ నవారు వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

జనం వెళ్ళాక పరదేశి పెరట్లో కుళాయి దగ్గర డ్రైవరు స్నానానికి నీళ్ళు పడుతున్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"నానా, రేపే మేడంకి సెప్పాలి."

"సెప్పు. సాయంత్రం డ్యూటీ సేస్తానని సెప్పు. బస్సు నీకోసం ఆగుతాది."

"నేనడిగింది బస్సా?"

పరదేశి కుళాయి కట్టేశాడు. "మరేటి అడిగేవ్?"

"అక్కడుంటానన్నాను."

"ఇంటికొచ్చీ దారి లేనోల్లు కదే అక్కడుండాల. నీకు దారుంది."

ఈ ఇంట్లో ఏం లోటని అడిగితే ఏమీ లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, చదువు మాన్పించలేదు. అడిగిన ప్రతిదానికీ ఇంకో తలుపు కట్టి, ఆ తలుపు ఇంట్లోకే తెరిచారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నానా, సముద్రంలో ఓడలుంటాయి కదా. సాయంత్రం అవి దీపాలు పెట్టుకుంటాయి. నీకు తెలుసా?"

"తెల్దు."

"నాకూ తెల్దు. అన్నేళ్ళు ఆ ఊళ్ళో సదివేను. వరదొస్తే తెలిసింది."

పరదేశి బకెట్టు ఎత్తుకుని అరుగు వైపు వెళ్ళిపోయాడు.

తెల్లారింది. బస్సు ఇంటి ముందే ఇంజను వేసుకుని గుడగుడలాడుతోంది. దుర్గ రోజూ వేసుకునే సంచీతో పాటు ఇంకో పెద్ద సంచీ సర్దుకుంది. అచ్చియ్యమ్మ చూసింది. ఆవకాయ సీసాకు గుడ్డ కట్టి ఆ సంచీలో పెట్టింది. "నూనె కారితే నీ బట్టలే పోతాయి, నిలువుగా పెట్టు" అంది. అని కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

దుర్గ బయటకు వచ్చేసరికి పరదేశి బస్సు పక్కన ఉన్నాడు. అలవాటు చొప్పున భుజం మీది తువ్వాలు తీసి, మూడో కిటికీలోంచి లోపలికి విసిరాడు. బస్సులో ఒక్క మనిషి లేడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా అన్ని సీట్లూ ఖాళీ. ఒక్క సీటు మీద ఎర్రగళ్ళ తువ్వాలు.

దుర్గ ఎక్కి ఆ సీటు పక్కన నిలబడింది. తర్వాత తువ్వాలు మడతపెట్టి, ఊచల మధ్యనుంచి తండ్రికి అందించింది.

"నానా, సాయంత్రం ఈ బస్సుకి నేను రాను. ఆదివారం వస్తాను. ఎక్కడ సీటుంటే అక్కడ కూకుని వస్తాను."

పరదేశి తువ్వాలు అందుకున్నాడు. ఉదయ్‌కుమార్ విజిలు నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలియక, ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు. ఇంజను గుడగుడలాడుతూనే ఉంది.

పరదేశి వెనక్కి తిరిగి అరుగెక్కాడు. మడత మంచం మడిచి, దాని మీది దుమ్ము తువ్వాలుతో దులిపి, మోసుకొచ్చి బస్సు వెనక తలుపులోంచి లోపలికి తోశాడు. కాలు ఒకటి తలుపుకు అడ్డం పడింది. వంచి, తిప్పి, మళ్ళీ తోశాడు.

"అదేటి మావా?" అన్నాడు ఉదయ్‌కుమార్. "రాత్రికి మేం దేని మీద పడుకోవాల?"

"సాప ఉంది" అన్నాడు పరదేశి.

బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. బస్సు కదిలింది. అది మలుపు తిరిగాక, తువ్వాలు తలకు చుట్టుకుని తోటకు వెళ్ళాడు. వరదకు ఒరిగిన చెరకు గెడ ఒక్కొక్కటీ లేపి, నాలుగేసి కలిపి జడలు చుట్టడం మొదలుపెట్టాడు.